సముద్రానికి గృహప్రవేశం

మా ఆయన పోయిన గదికి తాళం వెయ్యమని అయ్యగారు చెప్పారు. పోయిన నక్షత్రం మంచిది కాదట. కొన్ని నెలలు ఆ గదిలో మనిషి అడుగు పెట్టకూడదట. అత్తమ్మ మామూలుగా అయ్యగారి మాట దాటే మనిషి కాదు. ఆ రోజు మాత్రం ఆ గడప మీద కూర్చుని లేవలేదు.

"లోపల పానమున్నది అయ్యగారూ. తాళమెట్ల వేస్త?" అంది.

పానం, అంటే ప్రాణం, అని ఆమె అన్నది అద్దాల తొట్టి గురించి. మానుకోట బజార్లో, మా కిరాణం దుకాణం వెనకున్న ఇంట్లో, మా ఆయన ఒక ముక్క సముద్రాన్ని పెంచాడు. సరుకు కోసం హైదరాబాద్ పోయినప్పుడు ఏదో దుకాణంలో చూశాడట. అందరి మొగుళ్లూ హైదరాబాద్ నుంచి చీరలు తెస్తే నాకు రాళ్లు తెచ్చాడు. అవి మామూలు రాళ్లు కావని, వాటిలో కంటికి కనపడని జీవాలుంటాయని చెప్పి, వాటిని పసిపిల్లలను దించినట్టు నీళ్లలోకి దించాడు. ఆ నీళ్ల కోసం ప్రత్యేకమైన ఉప్పు పొట్లాలు కూడా అక్కడి నుంచే తెచ్చేవాడు. దొడ్డుప్పు బస్తాల మీద కూర్చుని వ్యాపారం చేసే ఇంట్లో ఉప్పు బయట కొంటున్నారని బజారంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన పట్టించుకోలేదు.

తొట్టిలో నారింజ రంగు చేపలు రెండు, ఒంటి మీద ఎర్రగీతలున్న రొయ్య ఒకటి, కొన్ని నత్తలు, కొన్ని పగడాలు ఉండేవి. ఉంగరంలో పెట్టుకునే పగడం కాదు, బతికున్నవి, నీళ్లలో మెల్లగా ఊగేవి. అన్నిటి మధ్యలో ఒక పువ్వు. మేం పువ్వు అనేవాళ్లం గానీ అది జంతువే. రాయికి కాలు అతికించుకుని, వేళ్లలాంటి కొసలన్నీ విప్పుకుని కూర్చునేది. చేపలు రెండూ దాంట్లోనే పడుకునేవి. ఆ పువ్వంటే ఆయనకు ఎంత పిచ్చో చెప్పలేను. దుకాణం కట్టేసి వచ్చి, కాళ్లు కడుక్కోకముందే దాని ముందు కూలబడేవాడు. కామెర్లు ముదిరి, దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నాక, మంచం కూడా దానికి ఎదురుగా వేయించుకున్నాడు. అటు తిరిగే పోయాడు.

ఆయన పోయిన రోజంతా ఆ పువ్వు ముడుచుకునే ఉంది. గది నిండా జనం, ఏడుపులు, లైటు ఎవరూ వేయలేదు, అది ముడుచుకోక ఏం చేస్తుంది? తెల్లవారి అత్తమ్మ దీపం పట్టుకుని గదిలోకి పోయేసరికి విప్పుకుంది. ఆమె అక్కడే నిలబడిపోయి, నన్ను పిలిచి, చాలా మామూలు గొంతుతో "వచ్చిండు" అంది.

నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. పోయినవాడు తిరిగొస్తే నా దగ్గరకు రావాలి గానీ, పోయి పోయి రాయికి అతుక్కున్న దాంట్లోకి రావడమేమిటి? ఇదే మాట పైకి అంటే అత్తమ్మ ఒప్పుకునేది కాదు. ఆమెకు ఆ రోజు నుంచి తొట్టే కొడుకు. పొద్దున్నే ఎదురుగా కూర్చుని ఏ సరుకు అమ్ముడుపోయింది, ఎవరింట్లో పెళ్లి కుదిరింది అన్నీ చెప్పేది. చేపలు ఆమె కూర్చున్న మూలకే వచ్చి నిలబడేవి. తిండి పెడతారని వస్తాయి, ఎవరు కూర్చున్నా వస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆమె గుడికి పోయినప్పుడు, తలుపు దగ్గరగా వేసి, నేనూ ఆ మూలలోనే కూర్చునేదాన్ని. నేను చెప్పుకునే మాటలు వేరు.

ఇల్లంతా ఆ తొట్టి మోటారు చప్పుడే ఉండేది, బుడబుడమని. వినీ వినీ అది వినపడడం మానేసింది. కరెంటు పోతే మాత్రం ఒక్కసారిగా ఆగేది. అత్తమ్మ బియ్యం చెరుగుతున్నదల్లా చాట పట్టుకుని అట్లాగే ఉండిపోయేది. నేను పొయ్యి దగ్గర గరిటె ఎత్తినదాన్ని ఎత్తినట్టే ఉండేదాన్ని. కాసేపటికి బ్యాటరీ అందుకుని మళ్లీ బుడబుడమనేది, మేం మళ్లీ కదిలేవాళ్లం. ఆ చప్పుడు ఆగిన క్షణంలో మా ఇద్దరికీ ఒకటే భయం, ఆయన రెండోసారి పోతాడేమోనని. నేను నమ్మని విషయానికి నేనెందుకు భయపడ్డానో ఇప్పటికీ తెలియదు.

మా పుట్టిల్లు జనగామ. కొన్ని నెలలు వచ్చి ఉండమని మా అమ్మ ఫోన్ చేసేది. చేపల్ని ఎవరు చూస్తారంటే, "చేపలకు కావలి ఉండేటందుకేనా నిన్ను ఆ ఇంటికిచ్చింది?" అని పెట్టేసేది.

పువ్వు పెద్దదైపోయి, దాని కొసలు తగిలి పక్కనున్న పగడాలు కాలుతున్నాయని, ఆయన జబ్బు పడకముందే హన్మకొండలో పెద్ద తొట్టి చెయ్యమని చెప్పి వచ్చాడు. అది ఆయన పోయాక వచ్చింది. ముందు హాలులో బల్ల మీద పెట్టించి, చుట్టూ కట్టి పంపిన గడ్డి కూడా సరిగా తీయకుండా వదిలేశాను. అందులోకి మార్చడం నావల్ల కాదనిపించింది. ఒక్కటి చచ్చినా అత్తమ్మ తట్టుకోలేదు, నేను తట్టుకుంటానా అంటే అదీ తెలియదు. ఇంతలో పాత తొట్టి మూల నుంచి నీళ్లు ఊరడం మొదలైంది. కింద పెట్టిన గుడ్డ పొద్దుటికి తడిసి ముద్దయ్యేది. ఇక ఆగడానికి లేదు.

సరిగ్గా అప్పుడే తెలంగాణ కోసం సమ్మె. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసుల ముందు టెంట్లు. మా మరిది, అంటే మా ఆయన ఒక్కగానొక్క తమ్ముడు, దుకాణంలో కూర్చోనని చిన్నప్పుడే మొండికేసి, కరెంటు పని నేర్చుకుని, భూపాలపల్లి బొగ్గు బావిలో ఉద్యోగం తెచ్చుకున్నవాడు. వాళ్లూ పని ఆపారు. పొద్దంతా టెంటు కింద కూర్చుని నినాదాలిస్తున్నాడని తెలిసి, తొట్టి కారుతోందని చెప్తే బండి మీద వచ్చేశాడు. సమ్మె లేకపోతే అన్ని రోజులు అతనికి సెలవే దొరికేది కాదు. అత్తమ్మ కూడా సమ్మె మనిషే. మా బజారు ఆడవాళ్లు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసిన రోజు, దుకాణంలో బియ్యం పప్పు తీయించి, గరిటె ఆమే పట్టుకుంది. "మా పెద్దోడుంటే ముందుగల్ల నిలబడేటోడు" అని అందరికీ చెప్పింది.

తొట్టి ఎప్పుడు మారుద్దామంటే మంచిరోజు చూడాలంది. అయ్యగారి దగ్గరకు మరిదిని తీసుకుపోయింది. గృహప్రవేశానికి ముహూర్తం కావాలని అడిగిందట. ఎవరిల్లమ్మా అని ఆయన అడిగితే "మా పెద్దోనిది" అందట. ఆయన ఆమె ముఖం చూసి, ఇంకేమీ అడక్కుండా పంచాంగం తిప్పి చెప్పాడట. ఇది చెప్తూ మరిది నవ్వాడు, నేనూ నవ్వబోయాను, ఇద్దరికీ మధ్యలోనే ఆగిపోయింది.

ముందు రోజు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో నీళ్లు పట్టి, ఆయన దాచిన ఉప్పు పొట్లాలన్నీ కలిపాం. కొత్త ఇసుక కడిగి పెద్ద తొట్టి అడుగున పరిచాం. గిన్నెలు, చెంబులు, గరిటెలు ఏవీ ఆ దరిదాపులకు తేవద్దని అందరికీ చెప్పాను. "ఇనుము తగలద్దు అనేవారు ఆయన" అన్నాను. ముహూర్తానికి కాస్త ముందు అత్తమ్మ తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని వచ్చి, "జర బయటికి పోండ్రి, దండం పెట్టుకుంట" అంది. బయటికి పోయాం. తర్వాత హాలు మధ్యలో చిన్న పొయ్యి పెట్టి పాలు పొంగించింది. అద్దానికి మామిడాకులు కట్టింది. ఇంతా చేసి ముహూర్తం సరిగ్గా కరెంటు కోతలో పడింది. మనుషుల గృహప్రవేశమైతే దీపాలతో సరిపోతుంది, వీటికి మోటారు కావాలని నేను గొణిగాను. మరిది బ్యాటరీ తగిలించాడు.

పాత తొట్టి నీళ్లు టబ్బుల్లో పోసుకుని, రాళ్లు ఒక్కొక్కటీ గాలి తగలనివ్వకుండా ఆ టబ్బుల్లోకి మార్చాం. చేపలను ప్లాస్టిక్ డబ్బాతో పట్టాం. పువ్వును రాయి నుంచి పీకకూడదు, కాలు తెగిపోతుంది. రాయితో సహా మరిది ఎత్తాడు, నేను కింద చేతులు పెట్టాను. హాలు దాకా ఉన్నది ఎంత దూరమని? అత్తమ్మ ముందు నడుస్తూ ఆ దారంతా "పైలం బిడ్డా, గడపున్నది, పైలం" అంటూనే ఉంది. ఆ మాట మాలో ఎవరితో అంటున్నదో మేం అడగలేదు.

సాయంత్రానికి పువ్వు విప్పుకుంది. పాత తొట్టిలో ఎన్నడూ లేనంత వెడల్పుగా విప్పుకుంది. అత్తమ్మ చాలా నెలల తర్వాత మారు వడ్డించుకుని తిన్నది. "ఇల్లు నచ్చింది వానికి" అంది. నాకూ లోపల ఏదో దిగినట్టయింది. ఆయన చెప్పిన పని ఆయన లేకుండా చేశామని, తప్పు లేకుండా చేశామని, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ముందు రొయ్య పోయింది. ఒకరోజు పొద్దున రాయి పక్కన వెల్లకిలా పడి ఉంది. పాతదై పోయిందిలే అనుకున్నాం. తర్వాత నత్తలు అద్దం మీది నుంచి ఒక్కొక్కటే జారిపడి, మళ్లీ పైకెక్కలేదు. పగడాలు ఊగడం మానేశాయి. నీళ్లు కొంత తీసి కొత్త నీళ్లు పోశాను, లైటు తగ్గించాను, పెంచాను. హైదరాబాద్ దుకాణానికి ఫోన్ చేస్తే కరెంటు కోతల వల్లే అయ్యుంటుందన్నారు. బొగ్గు ఆగాక కోతలు మరీ ఎక్కువయ్యాయి, బ్యాటరీ కూడా నిండేది కాదు. కరెంటు పోయే గంటలు రోజుకో తీరుగా మారిపోయేవి. మోటారు ఆగినప్పుడల్లా అత్తమ్మా నేనూ ప్లాస్టిక్ మగ్గులతో నీళ్లు ఎత్తి పోస్తూ కూర్చునేవాళ్లం, గాలి ఆడాలని. నీళ్ల చప్పుడు ఒక్కటే, గాజుల చప్పుడు కూడా లేదు. మామయ్య పోయినప్పుడు అత్తమ్మవీ, ఇప్పుడు నావీ తీసేశారు.

పువ్వు ముడుచుకుంది. మళ్లీ విప్పుకోలేదు. రాయిని వదిలేసి, తొట్టి అంతా పాకి, వెనక మూలలోకి పోయి నక్కింది. "మనకు కనబడకుంట పోతున్నడు" అంది అత్తమ్మ. కొన్నాళ్లకు కరిగి, నీళ్లు వాసన వచ్చి, నేనే తీసి పెరట్లో మందారం కింద పాతేశాను. ఆమె చూస్తూ నిలబడింది. ఏడవలేదు. లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది.

తర్వాతి రోజులు ఇప్పటికీ తలుచుకోబుద్ధి కాదు. ఆమె తిండి మానేసింది. బలవంతంగా నోట్లో పెడితే పక్కకు తీసేసేది. "ఇష్టం లేక పోయిండు. నా మీద అలిగి పోయిండు. ఇగ నేనెందుకు" అనేది. పెద్ద తొట్టిలో చేపలు రెండూ పడుకోవడానికి చోటు లేక మూలమూలకూ తిరిగేవి. ఇంట్లో రెండు చావులు జరిగినట్టుంది. మూడోది నా కళ్లముందే మొదలైంది. ఆమెను ఎట్లాగైనా బతికించుకోవాలి, ఆ ఇంట్లో నాకు మిగిలింది ఆమె ఒక్కతే.

నేను కబురు చేస్తే మరిది వచ్చాడు. తిండి తినమ్మా అని మంచం దగ్గర కూర్చున్నాడు. ఆమె అతని వైపు తిరిగి, చాలాసేపు చూసి అడిగింది.

"బొగ్గు ఎవలు ఆపిన్రు?"

"అందరం ఆపినమమ్మా."

"నువ్వు ఆపినవా?"

"ఆపిన."

"నువ్వు బొగ్గు ఆపితివి, కరెంటు ఆగె. కరెంటు ఆగితె నా పెద్దోడు పాయె. నువ్వు నా కంటికి కనబడకు" అని లేచి కూర్చుంది. చాలా రోజుల తర్వాత తనంతట తాను లేచింది. అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ పూట ఆమె కంచం తెమ్మని, అతన్ని తిట్టుకుంటూనే, కలిపి తినేసింది. కోపం ఆమెను కూర్చోబెట్టింది. మర్నాడు దుకాణంలోకి వచ్చి గల్లా దగ్గర కూర్చుంది.

కొన్ని రోజులకు వాసన పోలేదని తొట్టి ఇసుక తీస్తుంటే నా చేతికి రేకు తగిలింది. అరచేతి అంత ఉంది. గీతలు, గళ్లు, గళ్లలో అక్షరాలు, అంచులంతా పచ్చగా చిలుం పట్టి. చూడగానే గుర్తుపట్టాను. ఇట్లాంటిదే మా దుకాణం గడప కింద ఉంది, ఇంటి సింహద్వారం కింద ఉంది. పెళ్లయి వచ్చినప్పుడు దాని మీది నుంచే నాతో కుడికాలు పెట్టించారు. ఇల్లు మారినప్పుడు ఇంట్లోవాళ్లకు ఏ గాలీ ధూళీ తగలకుండా రాగిరేకు మీద యంత్రం రాయించి గడపలో పెడతారు. కొడుకు ఇల్లు మారుతుంటే ఆమె పెట్టదా? ఇనుము తగలద్దన్నాను, ఆమె ఇనుము తగలనివ్వలేదు. దేవుడి దగ్గర నీళ్లుండేది రాగిలోనే. రాగి కీడు చేస్తుందని ఆమెకు కలలో కూడా తట్టదు, నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు. తడి చేతులతోనే హైదరాబాద్ దుకాణానికి ఫోన్ చేశాను. "రాగి వాటికి విషమమ్మా. చేపలు ఓర్చుకుంటయి, మిగిలినయి ఓర్వయి" అన్నాడు.

మరిది ఈసారి ఇంట్లోకి రాలేదు. దుకాణం వెనక సందులో నిలబడితే రేకు చూపించి అంతా చెప్పాను. అమ్మకు చెప్పేస్తాను, నీ మీద ఈ నింద ఎందుకు, కరెంటు కాదు కారణం అన్నాను. అతను రేకును అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని మీద మా ఆయన పేరు రాయించి ఉంది.

"చెప్పకు వదినె" అన్నాడు. "నన్ను తిట్టుకుంట బతుకుతది. తనను తాను తిట్టుకుంట బతకది."

"నిన్ను ఇంట్లకు రానియ్యది."

"రానియ్యకపోతే బయటనే ఉంట. బతికుండని."

యంత్రాన్ని చెత్తలో వేయరు, పారే నీళ్లలో కలపాలి. అతను దాన్ని రుమాలులో చుట్టుకుని పోయి, మహదేవపూర్ దాటి, గోదావరిలో వదిలి, ఫోన్ చేసి చెప్పాడు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. అప్పటిదాకా అంత గట్టిగా ఏడ్చిన గుర్తు లేదు.

సమ్మె అయిపోయింది. తెలంగాణ రాలేదు. మళ్లీ టెంట్లు, మళ్లీ బందులు. అత్తమ్మ ఇక ఏ టెంటు వైపూ పోలేదు. మరిది పండగలకు వచ్చేవాడు. ఆమె తలుపు వేయలేదు గానీ, అతను వస్తే లేచి లోపలికి పోయేది. తిన్నావా అని అడిగేది కాదు. నేనే పిలిచి పెట్టేదాన్ని, అతను తల వంచుకుని తిని పోయేవాడు. ఎన్నిసార్లు నిజం నా నాలుక చివరిదాకా వచ్చిందో. అతను అది గమనించి నా వైపు చూసేవాడు, నేను మింగేసేదాన్ని. చేపలు బతికాయి. "ఇంటాయన పోయినంక కిరాయోళ్లతో నాకేం పని" అని ఆమె వాటి వైపు చూసేది కాదు. కానీ మోటారు ఆగితే మాత్రం ఆమె చాట ఇంకా ఆగేది.

ఆమె చివరి ఎండాకాలంలో పక్షవాతం వచ్చింది. మాట మెల్లగా తిరిగొచ్చింది, మనుషులు మాత్రం ఆమె కంటికి ఒకరిలో ఒకరు కలిసిపోయారు. నన్ను ఒకసారి కోడలనేది, ఒకసారి చెల్లె అనేది.

తెలంగాణ వచ్చిన రోజు మానుకోట అంతా డప్పులు. మధ్యాహ్నం మరిది భూపాలపల్లి నుంచి వచ్చాడు, నెత్తి నుంచి కాళ్ల దాకా రంగు. స్నానం చెయ్యమన్నాను. మార్చుకోవడానికి బట్టలు తెచ్చుకోలేదు, బీరువాలోంచి మా ఆయన చొక్కా తీసి ఇచ్చాను. కాసేపు చేతిలో పట్టుకుని, తొడుక్కున్నాడు. తల దువ్వుకుంటూ అత్తమ్మ మంచం వైపు వచ్చాడు.

ఆమె అతన్ని చూసింది. లేచి పోలేదు, ఎట్లాగూ లేవలేదు. ముఖం తిప్పుకోలేదు కూడా. బాగున్న చెయ్యి చాపింది.

"వచ్చినవా బిడ్డా" అంది. "గింత ఆలస్యమా."

అతను నా వైపు చూశాడు. మంచం పక్కన కింద కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చొక్కా మడతను వేళ్లతో తడిమింది.

"తమ్ముడొచ్చిండా?"

"ఎవరమ్మా?"

"నీ తమ్ముడు. చిన్నోడు." ఆమెకు ఊపిరి అందడం లేదు, ఆగి ఆగి చెప్పింది. "వాన్ని మస్తు మాటలన్న. నీ మీది పావురంతోని, ప్రేమతోని అన్న. వాడు కావాలని చెయ్యలేదు. పని ఆపితె నువ్వు పోతవని వానికేం ఎరుక. నువ్వు మాత్రం వాని మీద కోపం పెట్టుకోకు."

"పెట్టుకోనమ్మా" అన్నాడు. అది మా ఆయన గొంతే. అన్నదమ్ముల గొంతులు అంత దగ్గరని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఒట్టు?"

"ఒట్టు."

"నేను అడిగితె వాడు ముడుసుకపోతడు. నువ్వు చెప్పు. అన్నం తిని పొమ్మను వాన్ని."

ఆమె కళ్లు మూసుకుంది. అతను చెయ్యి మెల్లగా విడిపించుకుని, వంటింట్లోకి వచ్చి, పీట వేసుకుని కూర్చున్నాడు.

"అన్నం తిని పొమ్మన్నది వదినె" అన్నాడు.

నేను వడ్డించాను. అన్న చొక్కా తొడుక్కుని, వాళ్లమ్మ తనకు పెట్టమన్న అన్నం, మెతుకు మిగల్చకుండా తిన్నాడు.